విభూతి వెన్ను

ఈ ఏడాది మే నెల మూడో శనివారం సాయంత్రం అయిదున్నర గంటలకు, మారతహళ్లిలోని మా ఎనిమిదో అంతస్తు ఫ్లాటులో, మా అన్నయ్య నల్లకళ్లద్దాలు పెట్టుకొని, నా ఫోనును మొహానికి జానెడు దూరంలో పట్టుకొని, అమెరికాలో జరుగుతున్న ఉన్ని కత్తిరింపును చూస్తూ కూర్చున్నాడు. అంతకు ఆరు రోజుల ముందే ఆయన కుడికంటికి శుక్లం తీశారు. కల్యాణదుర్గం పక్కన మా ఊళ్లో ఆయనకు నూటికి పైగా గొర్రెలున్నాయి. వాటిని కొడుకు చేతికి అప్పగించి బెంగళూరు రావడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. వచ్చిన నాటి నుంచి రోజుకు మూడుసార్లు ఊరికి ఫోను చేసి "ఎన్ని వచ్చినాయిరా" అని లెక్క అడగడం, ఆ పని అయిపోయాక బాల్కనీలో నిలబడి కింద వీధికుక్కలను లెక్కపెట్టడం, ఇదే ఆయన దినచర్య. అలాంటి మనిషికి కాస్త కాలక్షేపంగా ఉంటుందని, ఒహాయోలో ఉన్న మా అమ్మాయిని తమ అల్పాకాలకు ఉన్ని తీయించే రోజున వీడియో కాల్ చేయమని నేనే అడిగాను. వాళ్లకు అప్పుడు ఉదయం ఎనిమిది.

ఎక్కువసేపు చూడవద్దని నేనంటే, "డాక్టరు తలమింద నీళ్లు పోసుకోవద్దన్నాడు గానీ గొర్రెల్ని చూడొద్దని చెప్పలేదు" అని నా నోరు మూయించాడు. అవి గొర్రెలు కావని చెప్పే ఓపిక అప్పుడు నాకు లేకపోయింది.

అల్పాకాలు ఒంటె కుటుంబానికి చెందినవి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మీద తిరిగే వికున్యా అనే అడవిజంతువును అక్కడి మనుషులు వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకొని, ఉన్ని బాగున్నవాటిని ఎంచుకుంటూ తరతరాలుగా పెంచగా వచ్చిన జంతువు ఇది. ఇప్పటికీ ప్రపంచంలోని అల్పాకాలలో అత్యధిక భాగం పెరూ దేశంలోనే ఉంది. దీనికి మూపురం లేదు. మెడ నిటారుగా ఉంటుంది. గిట్టలకు బదులు పాదానికి రెండేసి వేళ్లు, వాటికి గోళ్లు, అడుగున మెత్తని దిండు వంటి చర్మం ఉంటాయి. పైదవడకు ముందుపళ్లు ఉండవు. ఉన్నిని బట్టి వీటిలో రెండు రకాలున్నాయి: దూది ఉండలా ఒత్తుగా పెరిగేది హువకాయా, జడలుగా కిందికి వేలాడేది సురి. మా అమ్మాయి దగ్గరున్న పంతొమ్మిదీ హువకాయాలే. వాటికి అది వంటింటి పేర్లు పెట్టింది. తెల్లది వెన్న, గోధుమరంగుది బెల్లం, నల్లది మిరియం, లేత గోధుమరంగుది జీలకర్ర. బూడిదరంగుదానికి మాత్రం వంటింట్లో పేరు దొరకక పూజగదిలోకి వెళ్లి విభూతి అని పెట్టింది.

నేను అక్కడికి వెళ్లి రెండు నెలలు ఉన్నది నిరుడు. ఆ 2024వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి ఒంటె కుటుంబపు జంతువుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించిందని, తగిన ఏడాదిలోనే వచ్చావని మా అల్లుడు విమానాశ్రయంలోనే చెప్పి నవ్వాడు. ఏప్రిల్ మొదటి వారంలో దిగాను. వసంతమంటే మనకు వేపపూత, మామిడిపిందె, కోయిల కూత గుర్తుకొస్తాయి. ఒహాయోలో వసంతమంటే బురద. చలికాలమంతా గడ్డకట్టిన నేల కరిగి, దాని మీద వానలు పడి, కొట్టం గడప నుంచి దాణా గది దాకా ఉన్న ఇరవై అడుగులు నడవడానికి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కావాలి. ఒకసారి నా కుడి బూటు బురదలోనే ఉండిపోయి, మేజోడుతో ఉన్న కాలు ముందుకు వచ్చేసింది. అది చూసి మిరియం దగ్గరికి వచ్చి ఆ బూటును వాసన చూసిందే గానీ నన్ను పట్టించుకోలేదు.

ఏప్రిల్ 8న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. మా అమ్మాయి వాళ్లుండే మాన్స్‌ఫీల్డ్ ప్రాంతం సరిగ్గా ఆ నీడదారిలోనే ఉంది. మధ్యాహ్నం మూడు దాటాక మూడు నిమిషాల పైచిలుకు పూర్తిగా చీకటి పడుతుందని చుట్టుపక్కల వాళ్లంతా కుర్చీలు వేసుకొని కూర్చుంటే, నాకు పట్టుకున్న చింత వేరు. మందలో అయిదు చూలువి ఉన్నాయి. గర్భంతో ఉన్నవి గ్రహణం వేళ బయట ఉండరాదని, బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని మా అమ్మ చెప్పిన మాట ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నా బుర్రలోంచి కూడా పోలేదు. వాటిని కొట్టంలోకి తోలుదామని నేనంటే అమ్మాయి నవ్వి ఊరుకుంది. వెలుతురు తగ్గగానే అవి సాయంత్రపు దాణా వేళయిందనుకొని వాటంతటవే కొట్టం వైపు నడిచాయి. నా పని అవే చేసిపెట్టాయి. మర్నాడు క్రోధి నామ సంవత్సర ఉగాది. వేపపువ్వు దొరకలేదు, బెంగళూరు నుంచి కాగితంలో చుట్టి తీసుకెళ్లిన ఎండుపువ్వుతోనే పచ్చడి చేశాను.

ఆ మొర్రి సంగతి అక్కడితో ముగియలేదు. ఏప్రిల్ చివరిలో ఒక ఉదయం పది గంటలకు విభూతి మేత మానేసి, తోక పక్కకు పెట్టి, పేడరాశి దగ్గర అదేపనిగా నిలబడుతూ కూర్చుంటూ ఉంది. అల్పాకాలు పదకొండు నెలల పైన మోస్తాయి. ఈనడం దాదాపు ఎప్పుడూ పగటిపూటే, అందులోనూ ఉదయం నుంచి మధ్యాహ్నం లోపలే జరుగుతుంది. ఆండీస్ కొండల మీద రాత్రి పుట్టిన తడిపిల్ల చలికి బతకదు కాబట్టి అలవాటు అలా స్థిరపడిందంటారు. పశువుల కొట్టంలో రాత్రంతా లాంతరు పెట్టుకొని కూర్చున్న మా నాన్నకు ఈ సంగతి తెలిస్తే ఎంత అసూయపడి ఉండేవాడో. ముందు ముక్కు, ఆ తర్వాత రెండు కాళ్లు కనిపించి, నిలబడ్డ తల్లి వెనుక పిల్ల తలకిందులుగా కాసేపు వేలాడి, మెల్లగా నేలమీదికి జారింది. మందలోని ఆడవన్నీ ఒక్కొక్కటిగా వచ్చి దాన్ని మూచూసి వెళ్లాయి. నేను దగ్గరికి వెళ్లి చూద్దును కదా, పిల్ల పైపెదవి నిలువునా రెండుగా చీలి ఉంది. నా గుండె జారిపోయింది. "అమ్మాయ్, గ్రహణం మొర్రే" అని నేను కేక పెడితే, అది బొడ్డుకు అయోడిన్ పూస్తూ తలెత్తకుండానే, "అమ్మా, తల్లి మూతి కూడా చూడు" అంది. చూశాను. అన్నింటికీ అంతే. ఒంటెకూ అంతే. చీలిన పెదవి రెండు ముక్కలనూ రెండు వేళ్లలా కదిలించి అవి గడ్డిని ఏరుకుంటాయి. మూడు వారాలుగా రోజూ వాటికి చేత్తో దాణా పెడుతూ నేను గమనించని విషయం అది.

ఈ ఉదంతమంతా చెప్పినప్పుడు మా అన్నయ్య పెదవి సంగతికి నవ్వలేదు. ఆయన ఆగింది మరోచోట. "తల్లి నాకలేదా బిడ్డను?" అన్నాడు. నాకలేదు. ఆ కుటుంబపు జంతువుల నాలుక బయటికి పెద్దగా రాదు, అవి పిల్లను నాకి ఆరబెట్టవు, మూచూసి "మ్మ్, మ్మ్" అని సన్నగా మూలుగుతూ పక్కన నిలబడతాయి. పిల్ల ఎండకూ గాలికీ తనంతట తానే ఆరి, గంట గంటన్నర లోపల లేచి నిలబడి పాలు వెతుక్కోవాలి. వాన పడుతుంటే తువ్వాలుతో తుడవవలసింది మనిషే. అన్నయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాకని తల్లికి బిడ్డ ఎట్ల గుర్తుంటాది" అని ఆ రాత్రి అన్నం తింటూ మళ్లీ తనలో తానే అనుకున్నాడు.

అక్కడి వసంతకాలపు పనుల్లో సగం పేడ పని. అయితే అల్పాకాలకు ఒక మంచి బుద్ధి ఉంది: మందంతా ఒకటి రెండు చోట్లు నిర్ణయించుకొని అక్కడికే వెళ్లి పేడ వేస్తుంది. మేకపెంటికల్లాంటి ఆ ఉండలు అంతగా వేడి చేయవు కాబట్టి, మాగబెట్టకుండానే కూరమడుల్లో వేసుకుంటారు. మా అమ్మాయి ఇంటి వెనుక పాలకూర, ముల్లంగి దానితోనే పెరిగాయి. మా వైపు రైతులు చేనికి ఎరువు కోసం గొర్రెల మందను రాత్రిళ్లు పొలంలో కట్టించుకొని, కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తారు. వీటితో ఆ పని జరగదని, అంతా ఒకే మూల కుప్ప పోస్తే చేనంతటికీ ఏం బలం వస్తుందని అన్నయ్య వాదన. నిజమే.

మిగతా సగం సూదుల పని. ఒహాయో అడవుల్లో తెల్లతోక జింకలు విపరీతం. వాటి ఒంట్లో ఉండే ఒక పురుగు పేడ ద్వారా నత్తల్లోకి చేరి, తడిగడ్డితో పాటు ఆ నత్తను మేసిన అల్పాకా వెన్నుపాములోకి ఎక్కి నడుము పడగొడుతుంది. జింకకు ఏమీ కాదు, అల్పాకా మాత్రం లేవదు. అందుకని నేల గడ్డకట్టని కాలంలో నెలనెలా ఐవర్‌మెక్టిన్ సూది వేస్తారు. ఈ మాట నేను ఎలా చెప్పాలా అని తడుముకుంటుండగానే అన్నయ్య అందుకున్నాడు, "మన కార్జపు జలగ మాదిరే కదా, అదీ నత్తల నుంచే." ఏటా వేసే మరో టీకా సంగతి అడిగి తెలుసుకొని, అది మన వైపు వానలకు ముందు వేయించే చిటుకు రోగపు టీకా వంటిదేనని అల్లుడితో ఫోనులోనే తేల్చుకున్నాడు. జంతువు పేరు నోరు తిరగకపోయినా జబ్బులన్నీ ఆయనకు చుట్టాలే.

ఉన్ని తీయడం ఏడాదికి ఒక్కసారే, ఎండలు ముదరక ముందే. ఉన్ని కోసమే తీస్తారని నేను అనుకున్నాను. తీయకపోతే జూలై ఎండకు ఆ కంబళి కింద ఒళ్లు ఉడికి అవి చచ్చిపోతాయని, ఆ ఉన్నికి కొనేవాడు లేకపోయినా తీయక తప్పదని అక్కడే తెలిసింది. కత్తిరించేవాడు ఊరూరూ తిరిగే మనిషి. సహాయకుణ్ణి వెంటబెట్టుకొని వాననీ ఎండనీ చూసుకుంటూ పల్లె నుంచి పల్లెకు వెళతాడు, చలికాలంలోనే ఆయన తేదీ పట్టుకోవాలి, ఆ తేదీ తప్పితే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఆ రోజున జంతువు ఒళ్లు పొడిగా ఉండాలన్నది ఒక్కటే షరతు. తడి ఉన్నిలో యంత్రపు దువ్వెన ఇరుక్కుంటుంది, సంచిలో కట్టిన తడి ఉన్ని బూజు పట్టి కుళ్లుతుంది. అందుకని ముందురోజు సాయంత్రమే అన్నింటినీ కొట్టంలోకి తోలి తలుపులు బిగిస్తారు.

నిరుడు ఆ రాత్రి తలుపు తీసింది నేనే. పది గంటలప్పుడు కొట్టం లోపలి నుంచి వినిపిస్తున్న మూలుగులు విని, ఉక్కపోతకు అల్లాడుతున్నాయేమోనని జాలిపడి, గాలి వస్తుందని పక్కతలుపు గడియ తీసి జానెడు సందు వదిలి వచ్చి పడుకున్నాను. అవి ఎప్పుడూ అలాగే మూలుగుతాయి. తెల్లవారుజామున సన్నని జల్లు పడింది. అయిదు గంటలకు అమ్మాయి వెళ్లి చూసేసరికి ఆ సందును మూతితో తోసుకొని ఆరు బయటికి వచ్చి, తడిసిన గడ్డిలో హాయిగా పొర్లుతున్నాయి. వాటిలో వెన్న కూడా ఉంది. తెల్లవాటిని అన్నింటికంటే ముందు కత్తిరించాలి, నల్లవాటి వెంట్రుకలు చాప మీద పడితే తెల్ల ఉన్నిలో కలిసి దాని ధర పోతుంది కాబట్టి. ఆ క్రమమంతా తారుమారైంది. అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. రాలిన ఆకులను ఊదే యంత్రం తెచ్చి, ఒక్కొక్కదాన్నీ పట్టుకొని అల్లుడు గంటన్నర సేపు గాలి కొట్టాడు. వెన్న ఆయన మొహం మీద రెండుసార్లు ఉమ్మింది. అది నోటి ఉమ్మి కాదు, పొట్టలోంచి తెచ్చిన పచ్చని గడ్డిరసం, దాని కంపు స్నానం చేసినా సాయంత్రం దాకా వదలలేదు. ఉమ్మిన తర్వాత ఆ పులుపు దానికే భరించరానిదై, కింది పెదవి వేలాడేసుకొని చాలాసేపు నోరు తెరిచి నిలబడిపోతుంది. అల్లుడూ వెన్నా ఎదురెదురుగా అలా నిలబడి ఉండగా నాకు నవ్వు వచ్చిన మాట నిజం, కానీ ఆ పూట నవ్వే అర్హత నాకు లేదు.

కత్తిరింపు పద్ధతి మొదటిసారి చూసినవారికి క్రూరంగా కనిపిస్తుంది. జంతువును రబ్బరు చాప మీద ఒక పక్కకు పడుకోబెట్టి, ముందుకాళ్లను ఒక తాడుకూ వెనుకకాళ్లను మరో తాడుకూ మెత్తని ఉచ్చులతో కట్టి, రెండు వైపులా లాగి బిగిస్తారు. ఒకరు తలను ఒడిలో అదిమిపట్టి కూర్చుంటారు. ఉమ్మేదానికి మూతికి పాత మేజోడు తొడుగుతారు. అది కదిలితే చర్మం తెగుతుంది, కట్టడం దాని మేలుకే. కత్తిరించేవాడు పొట్ట దగ్గర మొదలుపెట్టి, పొడవాటి గీతల్లో యంత్రాన్ని వెన్ను దాకా నడుపుతాడు. పైకి దుమ్ముతో మట్టిరంగులో ఉన్న ఉన్ని పుస్తకం తెరిచినట్టు విడిపోతుంటే లోపలి అసలు రంగు కనిపిస్తుంది. బెల్లం ఒంటి మీద అది నిజంగా పాకం రంగు. ఒక పక్క అయ్యాక పొర్లించి రెండో పక్క. వీపూ పక్కలూ కప్పే భాగమే శ్రేష్ఠం, అది చెదరకుండా దుప్పటిలా ఒకే ముక్కగా రావాలి, దాన్ని వేరే సంచిలో కడతారు. మెడది రెండో సంచి. కాళ్లదీ పొట్టదీ ముతక, అది మూడో సంచి. ఒకచోట రెండుసార్లు యంత్రం పోనిస్తే తెగే పొట్టి ముక్కలు దారంలో ఉండలు కడతాయి కాబట్టి, వాటిని ఏరిపారేసే పని నాకు ఇచ్చారు. మధ్యలో చాప ఊడ్చే పని కూడా. గొర్రె ఉన్నికున్నంత జిడ్డు దీనికి ఉండదు, మధ్యాహ్నానికి నా అరచేతులు జిడ్డెక్కలేదు సరికదా, పొడిబారిపోయాయి.

పది నిమిషాల్లో ఒకటి అయిపోతుంది. కానీ ఆ పది నిమిషాల్లో ఉన్ని ఒక్కటే జరగదు. పెద్ద జంతువు ఏడాదిలో ఒళ్లంతా మనిషి చేతికి చిక్కేది ఆ ఒక్క రోజే కనుక, ఒకరు గోళ్లు కత్తిరిస్తారు, పైదవడ చిగురును దాటి పెరిగిన కిందిపళ్లను మరొకరు చిన్న రాపిడి యంత్రంతో అరగదీస్తారు, ఇంకొకరు సూది వేస్తారు, లేవగానే బరువు తూస్తారు. మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చొని కళ్లు మూసుకొని ఒక్కొక్కదాని నడుం మీద బొటనవేలూ చూపుడువేలూ ఆనించి నడిపేది. వెన్నెముకకు రెండు పక్కలా కండ నిండుగా ఉందో, లోపలికి పోయిందో చూసి ఒకటి నుంచి అయిదు దాకా అంకె చెబితే, నేను పుస్తకంలో రాసేదాన్ని. మూడు అంటే సరిపోయినట్టు.

విభూతి వంతు వచ్చింది. మందలో అన్నింటికంటే బొద్దుగా కనిపించేది అదే. ఈనిన మూడు వారాల బాలింత కదా అని రోజూ నేను దానికి మిగతావాటి కంటే పిడికెడు దాణా ఎక్కువే వేసేదాన్ని, బొద్దుదనాన్ని చూసి అది నా చలవేనని మురిసేదాన్ని కూడా. యంత్రం దాని వీపు మీదికి రాగానే అందరం మాట్లాడటం ఆపేశాం. ఉన్ని దిగిన చోట వెన్ను దూలంలా పైకి తేలి ఉంది. తుంటి ఎముకలు రెండూ గూటాల్లా పొడుచుకొచ్చాయి. అమ్మాయి వేళ్లు ఆనించి, "ఒకటిన్నర" అని, కాసేపాగి మళ్లీ ఆనించి "ఒకటిన్నరే" అంది. ఆ అంకె రాస్తుంటే నా చేయి వణికింది. అది పాలరూపంలో పిల్లకు ఒళ్లంతా కరిగించి పోసింది, నేను వేసిన పిడికెడు దాణా పక్కన నిలబడ్డ బెల్లం తినేసేది, ఈ రెండింటినీ ఆ నాలుగు అంగుళాల బూడిదరంగు ఉన్ని కప్పిపెట్టింది. విప్పిన తాళ్ల మధ్య నుంచి లేచి అది నిలబడితే, మెడ పొడవు, కాళ్లు సన్నం, మధ్యలో ఏమీ లేదు. దాని పిల్లే దాన్ని గుర్తుపట్టక, చుట్టూ తిరిగి మూలిగింది. తల్లి బదులు మూలిగాక గానీ పాలకు రాలేదు. ఆ రోజు నుంచి విభూతినీ పిల్లనూ వేరే గదిలో పెట్టి, పేడ పరీక్ష చేయించి, నేను తిరిగి వచ్చే రోజు దాకా దాని దాణా దాని నోట్లోకి వెళ్లేంతవరకు అక్కడే నిలబడ్డాను.

మా అపార్టుమెంటులో ఈ సంగతి ఎవరికి చెప్పినా మొదట అడిగేది లాభమెంత అని. అమెరికాలోకి ఈ జంతువుల రాక 1984 ప్రాంతంలో ఊపందుకుంది. 1998లో వంశావళి పుస్తకంలోకి దిగుమతి జంతువులను చేర్చుకోవడం ఆపేయడంతో ఉన్నవాటి ధరలు ఆకాశానికి ఎక్కి, ఒక్కో ఆడది పదివేల డాలర్లకు పైగా పలికిన రోజులున్నాయి. కొన్నవాడు పిల్లలను మరొకడికి అమ్ముకోవడం మీద నడిచిన వ్యాపారం అది, ఉన్ని మీద కాదు. కొనేవాళ్లు తగ్గాక ధర కూలింది. మా వాళ్లు కూలిన తర్వాత కొన్నారు. ఉన్నిని చిన్న మిల్లుకు పంపితే నెలల తర్వాత దారమై తిరిగొస్తుంది, దాన్ని శనివారపు సంతల్లో అమ్మితే ఎండుగడ్డి ఖర్చు వస్తుంది. మిగతాది అల్లుడి సాఫ్ట్‌వేర్ జీతం.

ఇక ఈ ఏటి శనివారం. కొట్టం ముందు కట్టిన దడిలో అన్నీ గుమిగూడి ఉండగా, వరుస మొదలవడానికి ముందు, అమ్మాయి ఫోనును గోడకు ఆనించి పెట్టి పనుల్లో పడింది. అన్నయ్య మొదట లెక్కపెట్టాడు. పంతొమ్మిది. నిరుడు పుట్టినవాటిలో మగవి అమ్మేశారు కాబట్టి లెక్క మళ్లీ అక్కడికే వచ్చింది. మా చిన్నతనంలో మా ఇంట్లో ఉన్ని గొర్రెలు, నల్లవి, ఉండేవి. ఏడాదికి రెండుసార్లు వాటిని చెరువులో కడిగి, ఆరనిచ్చి, కత్తెరతో కత్తిరించేవారు. ఒక్కోదానికి ఏడాదంతా కలిపినా కిలో ఉన్ని దాటేది కాదు. దాన్ని ఏకి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి గొంగళ్లు నేసేవారు. ఇప్పుడు ఊళ్లో మాంసం గొర్రెలే, వాటికి ఉన్ని లేదు. ఆ కత్తెర మా ఇంట్లో అటకమీద ఉంది. అన్నయ్య ఫోనులో యంత్రం చప్పుడు విని, "మాటలు కూడా వినపడనీయదే" అన్నాడు. కత్తెరతో అయితే గొర్రెకు కబుర్లు చెబుతూ కత్తిరించేవాళ్లట.

ఇక్కడ వాన మొదలై, బాల్కనీ తలుపు మూయడానికి నేను లేచి వెళ్లి వచ్చేసరికి, అన్నయ్య ఫోనును ఆపరేషనైన కంటికి మరింత దగ్గరగా పెట్టుకొని ఉన్నాడు.

"అమ్మాయిని పిలువు. ఆ పిండిరంగుది, గడ్డి దగ్గర నిలబడిందే, అది ఒక పక్కనే నమలతాంది."

జీలకర్ర. పన్నెండేళ్ల ముసలిది. నాకేమీ కనిపించలేదు. అది గడ్డి తొట్టి దగ్గర నిలబడి మామూలుగానే నెమరు వేస్తున్నట్టుంది. అన్నయ్య చూడమన్నాక చూస్తే, నోట్లోంచి నలగని గడ్డి చిన్న ఉండగా కింద పడింది. కాసేపటికి ఇంకొకటి. నాలుగైదు కేకలు వేస్తే గానీ అమ్మాయికి వినబడలేదు.

"మామా, దాని పళ్లు నిరుడే అరగదీయించాం."

"ముందరి పండ్లు కాదమ్మా. దవడ తడిమి చూడు. కుడిపక్క. బొచ్చు తీసినాక కాదు, ఇప్పుడే చూడు."

అమ్మాయి చేతితొడుగులు తీసి, జీలకర్ర మెడను చంకలో ఇరికించుకొని, దవడ కింది ఉన్నిలోకి వేళ్లు పోనిచ్చింది. ఆ వేళ్లు ఒకచోట ఆగడం ఫోనులో మాకు స్పష్టంగా కనిపించింది. లోపల ఎముకకు అంటుకొని ఉసిరికాయంత గడ్డ. దవడపంటి వేరు చీము పట్టడం ఈ జంతువుల్లో తరచుగా వచ్చేదే, పైకి వాచేదాకా ఉన్ని దాన్ని కనబడనివ్వదు. వరుసలో చివరన ఉన్న జీలకర్రను ముందుకు తెచ్చి, దవడ అదిమి పట్టకుండా తలకింద మడిచిన దుప్పటి పెట్టి, కత్తిరింపు త్వరగా ముగించారు. నడుం మీద అంకె రెండు. పశువైద్యురాలికి కబురు వెళ్లింది, సోమవారం వచ్చి ఎక్స్‌రే తీసి సూదులు మొదలుపెట్టింది.

ఆ తర్వాత విభూతిని పడుకోబెట్టారు. నేను ఫోను అన్నయ్య చేతిలోంచి లాక్కున్నాను. ఉన్ని విడిపోతూ వెన్ను దాకా వచ్చింది. నాకు కనిపించింది బూడిదరంగు చర్మం మాత్రమే, దూలమేదీ తేలలేదు. అమ్మాయి వేళ్లు ఆనించి, కెమెరా వైపు తిరిగి, యంత్రం చప్పుడులో వినిపించదని మూడు వేళ్లు చూపించింది. సరిగ్గా అప్పుడే ఇక్కడ కరెంటు పోయి, వైఫై ఆగి, బొమ్మ ఆ మూడు వేళ్ల మీదే నిలిచిపోయింది.

అన్నయ్య ఊరికి వెళ్లే ముందురోజు, నిరుటి విభూతి ఉన్నితో మిల్లు నుంచి వచ్చిన దారంతో నేను అల్లిన మఫ్లరు ఆయనకు ఇచ్చాను. కళ్లద్దాలు తీసి, వెలుతురుకు పెట్టి, పోగును రెండు వేళ్ల మధ్య నలిపి, చెంపకు ఆనించి చూశాడు. "మెత్తగుండాది. వాన ఆపదు. చేన్లో పరుచుకుంటే పల్లేరుకాయలన్నీ దీనికే అంటుకుంటాయి" అని మడిచి, వదిన మెడకు బాగుంటుందని సంచిలో పెట్టుకున్నాడు. బస్సు ఎక్కాక, బెంగళూరు దాటక ముందే ఫోను చేశాడు.

"ఆ ముసలిది గడ్డి తింటాందా?"

తింటోందని, దానికి ఇప్పుడు ఎండుగడ్డిని నానబెట్టి పెడుతున్నారని చెప్పాను.

"రెండు పక్కలా నమలతాందేమో అడుగు" అన్నాడు.